చప్పుడు కాకుండా దించిన పనసచెట్టు

ముప్పై ఏళ్ళు చెట్లు కొట్టాను. చింతలు, మామిళ్ళు, నిద్రగన్నేర్లు, కరెంటు తీగల మధ్య దూరిన యూకలిప్టస్‌లు, అన్నీ ఎక్కాను, అన్నీ క్షేమంగా దిగాను. నా నడుం విరిగింది మాత్రం మా అత్తవారి పెరట్లో మునగచెట్టు మీంచి పడి. "మా అల్లుడు ఎక్కలేని చెట్టు ఈ జిల్లాలో లేదు" అని మా అత్తగారు నలుగురి ముందూ అన్నారు. నేను ఎక్కేశాను. మనిషిని మునగచెట్టెక్కించడం అంటే ఏమిటో లోకానికి సామెతగా తెలుసు. నా దగ్గర ఎక్స్‌రే ఉంది.

అలా పని మానేసి నర్సీపట్నంలో ఇంటి అరుగు మీద కూర్చున్నాక, ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు అప్పుడప్పుడు వస్తుంటారు. వాళ్ళ చేతుల్లో మిషను రంపాలు, నెత్తిన టోపీలు. "బాబాయ్, నీ అనుభవం చెప్పు" అంటారు. చెప్పబోతే ఫోను చూసుకుంటారు. అందుకే రాస్తున్నాను. అయిదో తరగతిలో నేనూ బడీ ఒకరి మీద ఒకరు ఆశ వదిలేసుకున్నాం. తప్పులుంటే సర్దుకోండి.

గొడ్డలికి పదును ఎలా పెట్టాలో, మోకుకి ముడి ఎలా వెయ్యాలో రాయను. అవి చేత్తో నేర్చుకునేవి. ఇంటి ముందు చెట్టు తియ్యమని ఎవరైనా పిలిస్తే, చెట్టుకేసి చూడకముందు ఆ ఇంటి మనుషులకేసి ఎలా చూడాలో అది రాస్తాను. అనుమానంగా చూడాలి. చెట్టు అబద్ధం చెప్పదు. అది చెప్పడానికే ఇంటికొక మనిషి ఉంటాడు.

కాఫీ ఇచ్చినవాడు

నేను సొంతంగా పనులు పట్టుకోవడం మొదలుపెట్టిన కొత్తలో, తొంభైల మొదట్లో, బలిఘట్టంలో ఒకాయన పిలిచాడు. ఇంటి ముందు వేపచెట్టు. ఆకు రాలి స్కూటరు పాడైపోతోందట. ఆయనే తాళం తీశాడు, ఆయనే గేటు తెరిచాడు, లోపలికి వెళ్ళి నాకూ నా ఇద్దరు కూలీలకీ కాఫీ పట్టుకొచ్చాడు. గేటు తాళం తీసి కాఫీ ఇచ్చినవాడు ఇంటి యజమాని కాక ఇంకెవరవుతాడు? మధ్యాహ్నానికి చెట్టు నేల మీద ఉంది.

సాయంత్రం నాతవరం నుంచి వచ్చిన ఆటో ఇంటి ముందు ఆగింది. బియ్యం మూటతో ఒక ముసలాయన దిగాడు. మూట దించకుండా అలాగే నిలబడి, "ఇక్కడ నా సెట్టుండాల. ఏదిరా?" అన్నాడు.

కాఫీ ఇచ్చినవాడు అద్దెకున్నవాడు. బజారుకని వెళ్ళినవాడు మరి రాలేదు. ఆ ముసలాయన నన్ను కొట్టి ఉంటే బాగుండేది. కొట్టలేదు, తిట్టలేదు. వేప మొద్దు మీద కూర్చుని నాకేసి చూశాడు.

"కాఫీ ఇచ్చేడా?"

"ఇచ్చేడండీ."

"రెండేళ్ళయి ఉంటన్నాడు. నాకెప్పుడూ ఇయ్యనేదు" అన్నాడు.

ఆ తర్వాత నేను ఎవరినీ నమ్మలేదు. పని చెప్పిన మనిషి పేరు పక్కింట్లో అడిగేవాణ్ణి, ఎదురింట్లో మళ్ళీ అడిగేవాణ్ణి. కాఫీ మంచిగా ఉంటే ఇంకో ఇంట్లో కూడా అడిగేవాణ్ణి.

పెంటయ్య మేస్త్రి

అంతకుముందు నాకు పని నేర్పింది పెంటయ్య మేస్త్రి. మంచి పనివాడు, మంచివాడు మాత్రం కాదు. తప్పు చేస్తే తడి మోకుతో వీపు మీద ఒకటిచ్చేవాడు. నాది ఎడంచేతి వాటం. నా గొడ్డలి దెబ్బ అందరి దెబ్బకీ ఎదురుగా పడేది. "నీ నరుకుడు సూస్తే సెట్టు అద్దంలో సూసుకున్నట్టుంటాదిరా" అని ఎగతాళి చేసేవాడు. ఆయన పోయేదాకా నన్ను ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు. ఇలాంటి మేస్త్రి దగ్గర పని నేర్చుకుంటే పని వస్తుంది, దాంతోపాటు భయం కూడా వస్తుంది. భయపడ్డవాడు తప్పు చేస్తే దాచేస్తాడు. నేనూ దాచాను. ఆ సంగతి ముందుకొస్తుంది.

అంత మొరటు మనిషీ ఒక్క విషయంలో మెత్తబడేవాడు. ఏ ఇంటికి వెళ్ళినా గొడ్డలి భుజం మీంచి దించకముందు అడిగేవాడు, "అమ్మా, ఇంట్లో కడుపుతో ఎవలైనా ఉన్నారా?" అని. ఉన్నారంటే దండం పెట్టి వచ్చేసేవాడు. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో పచ్చని చెట్టు కొట్టకూడదని మన వైపు అందరూ అనుకునేదే. పెంటయ్యకి అది అనుకోవడం కాదు. అడగకుండా చెట్టు కొట్టిన ఒక ఇంట్లో, వారం తిరక్కుండా ఒకామెకి కడుపు పోయింది. చెట్టు వల్ల పోయిందా, దాని మానాన అది పోయిందా, ఎవరు చెప్పగలరు? ఆయన మాత్రం ఆ వీధిలోంచి మళ్ళీ నడవలేదు.

నాకు నమ్మకం ఉందా అంటే ఏమో. అడగడం మాత్రం నేనూ మానలేదు.

ఎస్తేరమ్మగారి ఇల్లు

తొంభైల చివర్లో, ఆషాఢం గాలులు మొదలయ్యే ముందు, ఎస్తేరమ్మగారు కబురు పంపారు. మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఊళ్ళో సగంమంది ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్ళే. ఆవిడ గొడుగు వేసుకుని వీధిలో వస్తుంటే పెద్దపెద్దవాళ్ళు కూడా బీడీ వెనక్కి దాచేవారు. భర్త పోయాడు. కొడుకు లారీ మీద ఎప్పుడూ ఊళ్ళు తిరుగుతుంటాడు. ఇంట్లో ఆవిడా, కోడలూ.

రెండు గదుల పెంకుటిల్లు. ఇంటికీ ప్రహరీ గోడకీ మధ్య పనసచెట్టు. ఎప్పుడు పెరిగిందో ఎవరూ చూడనట్టు పెరిగిపోయింది. వేరు గేటు కింద దూరి గేటు సగమే తెరుచుకునేది. గోడ వీధివైపు బొర్రలా ఉబ్బింది. చెట్టు ఇంటి మీదకి వాలి, రెండు పెద్ద కొమ్మలు రెండు గదుల మీదా చాచింది. కాండం నిండా కాయలు.

"నూకరాజూ, దీన్ని తీసెయ్యాల. బేగి" అన్నారు ఎస్తేరమ్మగారు.

"కాయ ఇంకా ముదరనేదండీ. ఓ నెలాగితే..."

"కాయ నాకొద్దు."

"మరి కర్ర?"

"కర్రా వద్దు. నువ్వే పట్టుకుపో."

గుమ్మాలకీ మద్దెలకీ జనం వెతుక్కునే పనసకర్ర! దాన్ని వద్దన్న మనిషిని అంతవరకు చూడలేదు. నా చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"ఇంకోటి విను. గొడ్డలి పెట్టకు. రంపంతో కొయ్యాల. ఒక్క ముక్క కూడా దబ్బున పడకూడదు. చప్పుడు కాకూడదు."

నాకు తెలిసి చప్పుడు కాకుండా చెట్టు పని పట్టేవి రెండే, దొంగలూ చెదపురుగులూ. నేను ఏ జాతిలోకి రావాలో ఆవిడ చెప్పలేదు. వెంటనే నా మామూలు ప్రశ్న వేశాను.

"ఇంట్లో కడుపుతో ఎవరైనా ఉన్నారాండీ?"

ఆవిడ చెట్టుకేసి చూశారు. "లేరు."

నా కళ్ళలోకి చూస్తూ సూది పొడిచిన మనిషి, ఆ ఒక్క మాటకి చెట్టుకేసి చూశారు. ఇంకొకటి కూడా గమనించాను. ఒళ్ళు ఉడికిపోయే ఆ ఉక్కలో ముందుగది కిటికీ మూసి ఉంది. లోపల గడియ కూడా వేసి ఉంది.

గొడ్డలి వెనక వైపుతో కాండం చుట్టూ కొట్టి చూశాను. చెయ్యి అందినంత మేరా గట్టి చప్పుడే వచ్చింది. డొల్ల లేదు, చెద లేదు. ఆరోగ్యంగా కాస్తున్న చెట్టు. మరి ఎందుకు తీస్తున్నట్టు? అంత తొందరేమిటి? అంత గుట్టేమిటి?

"రెండ్రోజుల్లో వస్తానండీ" అన్నాను. మా వృత్తిలో ఆ మాటకి అర్థం రానని.

వాసన పట్టడం

రాననుకున్నవాణ్ణి ఇంట్లో కూర్చోవచ్చు కదా. కూర్చోలేకపోయాను. పక్కింటి రామ్మూర్తిగారిని గోడ మీంచి పలకరించాను. ఆయన తాలూకాఫీసులో గుమస్తాగా చేసి రిటైరైనవాడు. ఏ సంగతైనా గొంతు తగ్గించే చెప్తాడు, వర్షం పడుతోందని చెప్పినా సరే.

"చెట్టు వాళ్ళదేనోయ్. ఆవిడ భర్త వేసిందే. అందులో అనుమానం లేదు."

"మరెందులో ఉందండీ?"

ఆయన ఇటూ అటూ చూసి, "కోడలు కనబడి నెల దాటింది. చర్చికి రాదు, బజారుకి రాదు, దండెం మీద బట్టలు ఆరెయ్యదు. ఆ కిటికీ తియ్యరు. నేను చెప్పానని అనకు" అన్నాడు.

అంతే, నా బుర్రలో పురుగు దూరింది. చెట్టు తీస్తే ఏం మిగులుతుంది? గొయ్యి మిగులుతుంది. కాయ అక్కర్లేదు, కర్ర అక్కర్లేదు, చప్పుడు అక్కర్లేదు. అంటే కావలసింది గొయ్యేనన్నమాట! ఊళ్ళో సగంమందికి పురుడుపోసిన చేతుల మీద నేను మోపిన నేరం అది. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. అప్పుడు మాత్రం ఎంతో తెలివిగా ఆలోచిస్తున్నానని అనుకున్నాను. అనుమానంలో ఉన్న సుఖం అదే. ఎంత తప్పు దారిలో నడుస్తున్నా తెలివైనవాడిలాగే అనిపిస్తుంది.

ఆ రోజు నుంచి రోజూ వెళ్ళాను. ఒక రోజు చుట్టుకొలత తియ్యాలన్నాను. ఒక రోజు తువ్వాలు మరిచిపోయానన్నాను. ఇంకో రోజు దాహం అన్నాను. నీళ్ళు తాగుతూ గుమ్మంలోంచి లోపలికి తొంగి చూశాను. ముందుగది తలుపు దగ్గరగా వేసి ఉంది. గుమ్మం పక్కన ఆడవాళ్ళ చెప్పుల జత మీద దుమ్ము పేరుకుని ఉంది.

"కోడలుగారు బాగున్నారాండీ?"

"బాగున్నాది. సెట్టెప్పుడు కోస్తావు?"

"కోడలుగారు కనబడ్డం నేదండీ."

"నువ్వు కొయ్యాల్సింది సెట్టు నూకరాజూ. కోడల్ని కాదు."

ఒకసారి సోమన్నని కూడా తీసుకెళ్ళాను. సోమన్నది చింతపల్లి కొండల వైపు. తేనెపట్లు తీసి బతికిన మనిషి. నా దగ్గర పనిచేసినవాళ్ళలో అతనంత తేలిగ్గా చెట్టెక్కినవాడు ఇంకొకడు లేడు. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆ రోజు మాటలన్నీ ఒక్కసారే ఖర్చుపెట్టాడు.

"అన్నా, నువ్వు సెట్టుని సూడ్డం నేదు. కిటికీని సూస్తన్నావు."

నిజమే. ఒక్కసారైనా చెట్టెక్కి చూడలేదు. ముందుగా చెయ్యాల్సింది అదే. కుర్రాళ్ళకి చెప్తున్నాను, మన చెయ్యి అందే చోటికే చెట్టు అయిపోదు.

పెంకులు

తొమ్మిదో రోజు మధ్యాహ్నం నేనూ సోమన్నా ఆ వాకిట్లోనే ఉన్నాం. కొలత తప్పొచ్చిందని సాకు చెప్పాను. ఎస్తేరమ్మగారు నన్ను చూసి పెరట్లోకి వెళ్ళిపోయారు. ఉన్నట్టుండి ఆకాశం నల్లబడి గాలి లేచింది. దుమ్ము, ఎగిరే పాలిథిన్ సంచులు, ఎక్కడో రేకు ఊడిన చప్పుడు. పనస మొత్తం కిర్రుమంది. ఆ చప్పుడు నాకు నచ్చలేదు. పచ్చి చెట్టు గాలికి ఊగుతుంది గానీ కిర్రుమనదు.

తలెత్తేలోపల ముందుగది మీద ఉన్న కొమ్మ నుంచి బస్తాడంత కాయ ఊడి పెంకుల మీద పడింది. కప్పు చీల్చుకుని లోపలికి పోయింది. లోపల ఒక ఆడమనిషి కేక.

నేను అడక్కుండానే తలుపు తోసేశాను.

మంచం మీద కోడలు పడుకుని ఉంది. పేరు సునీత అని తర్వాత తెలిసింది. రెండు చేతులూ పొట్ట మీద అడ్డం పెట్టుకుని ఉంది. పొట్ట ఎత్తుగా ఉంది, ఆరో నెలో ఏడో నెలో. మంచానికి కాళ్ళవైపు కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టి ఎత్తారు. పనసకాయ మంచానికి మూరెడు దూరంలో గచ్చు మీద పగిలి ఉంది. కప్పుకి పడిన చిల్లులోంచి వెలుతురు సరిగ్గా ఆమె దుప్పటి మీద పడుతోంది.

ఎస్తేరమ్మగారు నన్ను తోసుకుని లోపలికొచ్చి, కోడలి చెయ్యి పట్టుకుని నాడి చూశారు. దుప్పటి ఎత్తి చూశారు. అప్పుడు ఊపిరి పీల్చుకున్నారు. నేను అప్పటిదాకా గుమ్మంలో మానులా నిలబడ్డాను.

"లేరన్నారు కదండీ" అన్నాను. అప్పుడు అనాల్సిన మాట కాదది. కానీ నోటికి వచ్చింది అదే.

"ముందు ఆ పెంకులు ఏరు. తగువు తర్వాత పడదువుగాని."

పెంకులు ఏరుతుంటే ఆవిడ చెప్పారు. అంతకుముందు రెండు కడుపులు పోయాయి. ఇది మూడోది. గర్భసంచి మూతికి కుట్టు వేసి, కాన్పు అయ్యేదాకా మంచం దిగొద్దన్నాడు డాక్టరు. బండి ఎక్కించి కుదిపితే ఎవరూ పూచీ కాదు. ఉలిక్కిపడితే చాలు నొప్పులొస్తున్నాయి. ఉన్నవి రెండు గదులు, రెంటి మీదా కొమ్మలే. దిష్టి పెట్టే కళ్ళకి భయపడి కిటికీ మూశారు. పక్కింటి రామ్మూర్తిగారి కళ్ళు అని ఆవిడ పేరు పెట్టి అనలేదు. పెట్టినా నేను కాదనేవాణ్ణి కాదు.

అంతలో చెట్టు మీంచి సోమన్న పిలుపు. గాలి తగ్గగానే ఎప్పుడు ఎక్కాడో ఎక్కేశాడు.

"అన్నా, ఒకపాలి పైకి రా."

ఎక్కాను. రెండు పెద్ద కొమ్మలూ చీలే చోటుకి కాస్త పైన, వీధివైపు, పాత కొమ్మ ఒకటి నరికేసిన గుర్తు ఉంది. మొదట్లోకి కొయ్యకుండా జానెడు ముక్క వదిలేశారు. ఆ ముక్క కుళ్ళి గిన్నెలా అయింది. గిన్నె నిండా నల్లటి నీళ్ళు, అంచున పుట్టగొడుగులు. చెయ్యి పెట్టాను. మోచేయి దాకా దిగింది. మెత్తగా, తడి పొగాకులా చేతికి వచ్చింది. కుళ్ళు రెండు కొమ్మల మొదళ్ళదాకా పాకింది. ఇంటి మీద వేలాడుతున్నది కర్ర కాదు, బెరడు.

"ఏ ఎదవ నరికేడ్రా ఇది?" అన్నాను.

సోమన్న ఆ గొడ్డలి గాట్లకేసి చూపించాడు. గాట్లు ఎదురుగా పడి ఉన్నాయి. చెట్టు అద్దంలో చూసుకున్నట్టు.

అప్పుడు గుర్తొచ్చింది. పదిహేనేళ్ళ కిందట, పెంటయ్య దగ్గర కొత్తలో, ఈ వీధికి ప్రహరీలు లేనప్పుడు, కరెంటు తీగకి తగులుతోందని ఒక కొమ్మ కొట్టడానికి నన్ను ఎక్కించాడు. దిగేటప్పుడు కాలు పెట్టుకోడానికి జానెడు ముక్క వదిలాను. చెట్టెక్కేవాళ్ళం అందరం చేసే పనే. దిగుతూ దాన్ని మొదట్లోకి ఏటవాలుగా కోసెయ్యాలి, నీరు నిలవకుండా. నేను మరిచిపోయాను. కింద మేస్త్రి "అయిందా?" అన్నాడు. మళ్ళీ ఎక్కితే వీపు మీద మోకు పడుతుందని "అయింది" అన్నాను.

తొమ్మిది రోజులు ఆ ఇంట్లో నేరం ఎవరిదా అని వెతికాను. చెట్టు మీద నా చేతిరాతే ఉంది.

కిందకి దిగాను. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో చెట్టు కొయ్యకూడదు. కొయ్యకపోతే ఇంకో గాలికి ఆ కొమ్మలు ఆమె మీదే పడతాయి. పెంటయ్య ఉంటే దండం పెట్టి వెళ్ళిపోయేవాడు. నేను పోలేకపోయాను. మూసిన కిటికీ దగ్గరకెళ్ళి, బయటి నుంచే ఆమెనే అడిగాను.

"అమ్మా, మాలో ఒక పట్టింపు ఉన్నాది. నీకు తెలిసే ఉంటాది. నువ్వు కొయ్యమంటే కోస్తాను. వద్దంటే కొమ్మల కింద దూలాలు నిలబెట్టి సూస్తాను. నీ ఇష్టం."

లోపలి నుంచి గొంతు వినిపించింది. "కొయ్యన్నా. ఇది కిర్రుమన్నప్పుడల్లా నేను సస్తన్నాను."

మూడు రోజులు

ఆ మూడు రోజుల్లాంటి పని నా ముప్పై ఏళ్ళలో ఇంకెక్కడా చెయ్యలేదు. మీకు పనికొస్తుందని రాస్తున్నాను.

గొడ్డలి ఇంట్లో వదిలేశాను. చేతి రంపాలు మాత్రమే తెచ్చాను, వాటికి ఆముదం రాసి. రైసుమిల్లు నుంచి ఊక బస్తాలు తెచ్చి వాకిలంతా రెండు వరసలు పరిచాం. కుళ్ళిన కొమ్మకి మోకు కడితే కొమ్మతో పాటు మోకు కూడా వస్తుంది కాబట్టి, కుళ్ళుకి కింద, గట్టి కాండానికి పొడవాటి నిట్టాడి కర్రలు రెండు కొమ్మల కంటే ఎత్తుగా నిలువునా కట్టి, వాటి మీంచి మోకులు వేశాం. ప్రతి ముక్కకీ రెండు మోకులు, ఒకటి మొదట్లో, ఒకటి చివర. ముందు కాయలు ఒక్కొక్కటీ గోనెసంచిలో దించాం. తర్వాత చివళ్ళు. తర్వాత చెయ్యంత లావు ముక్కలు. సోమన్న కోస్తాడు, నేను కింద మోకు వదులుతాను. కేకలు వెయ్యకూడదు కాబట్టి మోకు ఒకసారి లాగితే ఆగు, రెండుసార్లు లాగితే వదులు.

నాకు మాట్లాడ్డం నిషేధం. చెట్టు కొయ్యడం కంటే అది కష్టమైంది. మొదటి రోజు మధ్యాహ్నానికి నా దవడలు నొప్పి పుట్టాయి. సోమన్నకి మాత్రం పెళ్ళివారింట్లో ఉన్నంత హాయిగా ఉంది.

ఎస్తేరమ్మగారు కోడలి మంచం పక్కన స్టూలు వేసుకుని, నాడి మీద వేలు తీయకుండా కూర్చున్నారు. కిటికీ రెక్క ఓరగా తీసి ఊచకి తెల్ల తువ్వాలు కట్టారు. తువ్వాలు ఉంటే పని చెయ్యాలి. లోపలికి లాగేస్తే ఉన్నచోటే ఆగిపోవాలి. మొదటి రోజు రెండుసార్లు లాగారు. రెండో రోజు ఒక్కసారి.

మూడో రోజు ముందుగది మీది పెద్ద కొమ్మ మొదలు. బరువంతా అందులోనే ఉంది. సగం కోసేసరికి కుళ్ళినవైపు బెరడు చీలింది. కొమ్మ జారింది. మోకు నా అరచేతుల్లోంచి కాల్చుకుంటూ పోయింది. నేను వెనక్కి పడి, గోడకి కాళ్ళు తన్నిపెట్టి పట్టుకున్నాను. కొమ్మ పెంకులకి జానెడు పైన ఆగింది. ఊగుతోంది. ఒక ఆకు రాలి కప్పు మీద పడింది. ఆ చప్పుడు కూడా వినిపించింది నాకు.

తువ్వాలు లోపలికి పోయింది.

నేను మోకు వదల్లేను, అరవలేను, ఎవర్నీ పిలవలేను. నా చేతుల్లోంచి కారుతున్నది చెమటో రక్తమో చూసుకోలేను. సోమన్న పైనుంచి మెల్లగా జారి వచ్చి నా వెనక మోకు పట్టుకున్నాడు. అలా ఎంతసేపు ఉన్నామో తెలియదు. మసీదులో బాంగు వినిపించింది. వీధిలో ఐసుబండివాడు గంట కొట్టుకుంటూ వచ్చి, మమ్మల్ని చూసి గంట చేత్తో పట్టుకుని నడిచిపోయాడు. లోపల ఎస్తేరమ్మగారు ప్రార్థన చేస్తున్న గొంతు సన్నగా వచ్చింది. నేను నాకు తెలిసిన దేవుళ్ళందరినీ తలుచుకున్నాను, పెంటయ్యని కూడా.

తువ్వాలు మళ్ళీ ఊచ మీదకి వచ్చింది.

సాయంత్రానికి మొదలుదాకా ముక్కలు ముక్కలుగా దించేశాం. నేను కోసిన చెట్లన్నీ పడ్డాయి. అది మాత్రం పడలేదు, అరిగిపోయింది. వేరుతో సహా తవ్వుదామంటే ఎస్తేరమ్మగారు వద్దన్నారు. గొయ్యి అక్కర్లేదట. నేను తలొంచుకున్నాను.

కుర్రాళ్ళకి నా మాట. అనుమానం మంచిదే, కానీ అది ముందు మన పని మీద ఉండాలి. ఆ తర్వాత మిగిలితే పక్కవాడికి ఇవ్వొచ్చు. చేసిన తప్పు మేస్త్రికి చెప్పడానికి భయపడకండి. మేస్త్రులైతే చెప్పనిచ్చేలా ఉండండి. పెంటయ్య మోకు దెబ్బ ఆ రోజుకి మానిపోయేది. నేను తప్పించుకున్న ఆ దెబ్బ పదిహేనేళ్ళు ఒక ఇంటి మీద వేలాడింది. ఎస్తేరమ్మగారికి ఆ కొమ్మ సంగతి నేనే చెప్పాను. ఆవిడ విని, నా అరచేతులకి మందు రాస్తూ, "కట్టు తడపకు" అన్నారు. అంతే.

ఆశ్వయుజంలో సునీతకి ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండాకే. కబురు తెలిసి చూడ్డానికి వెళ్ళాను. కిటికీ బార్లా తెరిచి ఉంది, ముందుగది నిండా ఎండ. పాపని చూసి, బాగుందంటే దిష్టి తగులుతుందని బాగులేదని చెప్పి, ఎస్తేరమ్మగారిని ఆటపట్టించకుండా ఉండలేకపోయాను.

"అమ్మగారండీ, రోజూ బైబిలు సదివే మనిషి, నా మొకం మీద అంత అబద్ధం ఎలా ఆడేరండీ?"

ఆవిడ పాప గుడ్డలు మడతపెడుతూ తలెత్తలేదు.

"నిజం సెప్పుంటే ఆ రోజే దండం పెట్టి ఎల్లిపోయేవాడివి నూకరాజూ, మరి ఈ గుమ్మం తొక్కేవాడివి కాదు. అబద్ధమాడేను కాబట్టే తొమ్మిది రోజులు వదలకుండా తిరిగేవు. ఇన్నేళ్ళు నర్సు పని సేసేను. ఏ రోగికి ఏ మందు ఇయ్యాలో నాకు తెలీదనుకున్నావేటి?"